కిటికీ పక్క బెంచీ కోసం డ్రిల్లు

ఆ ఉదయం ఫైరాఫీసరు తన ఇంటి హాల్లో నిలబడి ఈల ఊదాడు. ఎక్కడా మంటలు లేవలేదు. మర్నాడు పిల్లలకు బడి తెరుస్తారు, అంతే.

ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. మొదటి రోజు ఎవరు ఏ బెంచీ మీద కూర్చుంటే ఏడాదంతా అది వాళ్లదే. కిందటేడు ఒక షూ కనబడక ఆలస్యమై, ఆయన కూతురికి స్తంభం వెనక బెంచీ దక్కింది. పాపం ఏడాది పొడుగునా మెడ సాచి సగం బోర్డు చూసి, మిగతా సగం పక్కపిల్లను బతిమాలి రాసుకుంది. ఈసారి కిటికీ పక్క ముందు బెంచీ ఇప్పిస్తానని ఆయన మాటిచ్చాడు. ఎవరి కొంప అంటుకున్నా క్షణాల మీద వెళ్లే మనిషి సొంత పిల్లల్ని వేళకు బడికి చేర్చలేకపోయాడు. ఆ సంగతి ఏడాదిగా ఆయన మనసును తొలుస్తూనే ఉంది.

నర్సు డ్యూటీకి బయలుదేరుతున్న భార్య చెప్పులేసుకుంటూ, "బట్టలు తీసిపెట్టి పుస్తకాలు సర్దితే చాలు కదండీ. ఈ ఈలలెందుకు?" అంది.

"డ్రిల్లు చెయ్యకుండా మేం బకెట్ కూడా ఎత్తం."

"మీ ఇష్టం. ఇల్లు మాత్రం తడపకండి" అని ఆవిడ వెళ్లిపోయింది.

పిల్లలిద్దరూ యూనిఫాంలో, బ్యాగులతో, బూట్లతో వరుసలో నిలబడ్డారు. "ఫోన్లు ఆపెయ్యాలి. లిఫ్టు ఎక్కకూడదు. దారిలో ఎవరు పలకరించినా నోరు విప్పకూడదు" అన్నాడు ఆఫీసరు.

"అమ్మమ్మ కనిపిస్తే?" అడిగాడు కొడుకు.

"అమ్మమ్మైనా సరే!"

మళ్లీ ఈల మోగింది. ముగ్గురూ మెట్ల మీద దడదడా దిగారు. కింది అంతస్తులో కుండీలకు నీళ్లు పోస్తున్న బ్యాంకావిడ ఉలిక్కిపడింది. "అన్నయ్యగారూ, బడి రేపు కదా?"

ఆయన మాట్లాడకుండా చేతి గడియారం మీద వేలితో టకటకా కొట్టి చూపించి పరిగెత్తాడు. పిల్లలు నవ్వాపుకోవడానికి బుగ్గలు పూరించి వెనకే పరిగెత్తారు. బ్యాంకావిడ నీళ్ల చెంబు అక్కడే వదిలేసి ఇంట్లోకి ఉరికింది.

"ఏవండీ, లేవండి! బడి ఈరోజేనట!"

"రేపని మెసేజ్ పెట్టారుగా?" అన్నాడు భర్త దుప్పట్లోంచి.

"మార్చుంటారు! ఊరికే పరిగెడతారా ఆయన?"

ఈ ముక్క బిల్డింగు గ్రూపులోకి ఎక్కింది. అక్కడినుంచి క్లాసుల గ్రూపుల్లోకి పాకింది. అసలు తేదీ గుర్తున్నవాళ్లు కూడా, బెంచీలు పోతాయన్న భయంతో నోరు మూసుకుని పిల్లల్ని తయారు చెయ్యసాగారు. పళ్ల డాక్టరు కుర్చీలో ఉన్న పేషెంటును నోరు తెరిపించి వదిలేసి, కూతురికి జడ వెయ్యడానికి ఇంటికి పరిగెత్తాడు. సెలూన్లో ఒక పిల్లాడు సగం క్రాపుతోనే దిగిపోయాడు.

ఇదేమీ తెలియని ఆఫీసరు బడి వీధి మలుపు దాకా వచ్చి, గడియారం చూసుకుని మురిసిపోయాడు. "శభాష్! రేపు గేటు తీసేసరికి మనమే ఫస్టు!" అంటూ పార్కు దారిన వెనక్కి తీసుకెళ్లి, ఐస్‌క్రీములు కొనిచ్చాడు. చెమట పట్టిన యూనిఫాంలు రేపటికి తళతళలాడాలని స్వయంగా ఉతికి ఆరేశాడు. తర్వాత ముగ్గురూ హాయిగా గుర్రుపెట్టారు.

అదే సమయానికి బడి గేటు ముందు ఇసుకేస్తే రాలనంత జనం. టీచర్లతో మీటింగు కోసం వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ కాసేపు బిత్తరపోయింది. ఆనక తేరుకుంది. "పిల్లలొచ్చారు, టీచర్లున్నారు. ఇంకేం కావాలి? ఈరోజే మొదలుపెట్టేద్దాం. రేపు సెలవు" అంది.

మధ్యాహ్నం భార్య ఇంటికొచ్చి తలుపు తట్టింది. "బిల్డింగంతా ఇంత నిశ్శబ్దంగా ఉందేంటండీ? ఒక్క పిల్లాడూ ఆడుకోవట్లేదు."

"బద్ధకం! అందరూ మనలా ముందుగా సిద్ధమవుతారా?" అంటూ ఆయన గర్వంగా ఫోన్ ఆన్ చేశాడు. అది ఆగకుండా మోగింది. చదువుతున్నకొద్దీ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

ఆ తర్వాత ఈల ఊదే తీరిక ఎవరికీ లేదు. ఆవిడ తడి గౌను మీద ఇస్త్రీపెట్టె పెట్టింది. ఆయన తడి చొక్కాను ఫ్యాన్ కింద జెండాలా పట్టుకున్నాడు. ఒక షూ సోఫా కింద దాక్కుంది. చివరికి లిఫ్టు బటన్ నొక్కింది ఆఫీసరే.

కూతురి క్లాసులో ఒక్క బెంచీయే మిగిలింది. స్తంభం వెనకది. కిటికీ పక్కన బ్యాంకావిడ కూతురు దర్జాగా కూర్చుని ఉంది.

ఆయనకు కూతురి మొహం చూసే ధైర్యం లేకపోయింది. గుమ్మం దగ్గరే మోకాళ్ల మీద కూర్చుని, "తప్పంతా నాదేనమ్మా" అన్నాడు.

"పర్లేదు నాన్నా. అక్కడ కూర్చుంటే టీచరు ప్రశ్నలడగరు" అని ఆ పిల్ల ఆయన చెవిలో చెప్పి, తడి గౌను ఈడ్చుకుంటూ వెళ్లి కూర్చుంది.

అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ ఎదురొచ్చి రెండు చేతులూ జోడించింది. "మీకు థ్యాంక్స్ ఎలా చెప్పాలో తెలియట్లేదండీ. మీ పరుగు చూసే అందరూ పొద్దున్నే వచ్చేశారట. మొదటి రోజు పిల్లలింత పెందలాడే రావడం నా సర్వీసులో ఎప్పుడూ చూళ్లేదు!"

ఆ మాట అంటూనే ఆవిడ రిజిస్టరు తెరిచి, ఆయన పిల్లలిద్దరి పేర్లకు ఎదురుగా 'ఆలస్యం' అని రాసుకుంది.