మాస్టారి లివరు

శనివారం ఉదయం ఏడున్నరకల్లా పరీక్షకు రక్తం ఇచ్చేసి, దారిలో నాలుగు ఇడ్లీలు తిని, ఇంటికొచ్చి తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుకోవాలని నెహెమ్యా మాస్టారు అనుకున్నారు. ఆయన ఉండేది ఏలూరు. పనిచేసేది తాడేపల్లిగూడెంలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో. ఇరవై రెండేళ్ళుగా పాసింజరు బండిలో వెళ్ళొస్తున్నారు. ఒంట్లో ఏ బాధా లేదు.

బాధ ఉన్నది ఆయన భార్య రత్నకుమారికి. అన్నం సయించడం లేదని, మధ్యాహ్నం అయ్యేసరికి నిలబడలేకపోతున్నానని నెల రోజులుగా చెబుతూనే ఉంది. వీధి చివర కొత్తగా తెరిచిన లాబ్ వాళ్ళు "ఒకరు పరీక్షలు చేయించుకుంటే రెండోవారికి ఉచితం" అని కరపత్రాలు పంచారు. మాస్టారు అది రెండుసార్లు చదివారు.

"నా పేరు మీద రాయిద్దాం. ఆ ఉచితంది నువ్వు చేయించేసుకో."

"నా కోసమే కదండీ వెళ్తున్నాం?"

"ఎవరి కోసమైతే ఏంటి? ఇద్దరికీ అయిపోతుంది కదా."

సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. రత్నకుమారికి అన్నీ బాగున్నాయి. మాస్టారి కాగితంలో ఎస్‌జీపీటీ అన్నచోట మూడొందల ఎనభై ఆరు ఉంది. నలభై దాటకూడదని పక్కనే అచ్చువేసి ఉంది.

"లివరు బాగా దెబ్బతిందండీ మాస్టారూ. మందు అలవాటుందా?" అని లాబ్ అతను మామూలు గొంతుతోనే అడిగాడు. మాస్టారు పుట్టి బుద్ధెరిగాక సోడా తప్ప మరోటి తాగలేదు. సండే స్కూల్లో పిల్లలకు మద్యపానం గురించి ఏటా ప్రత్యేకంగా పాఠం చెబుతారు. ఆ మాటే చెప్పబోయేసరికి వెనకాల సుగరు రిపోర్టు కోసం నిలబడ్డ పాస్టరమ్మగారు చూపు తిప్పుకున్నారు.

ఇంటికి వస్తూ మాస్టారు భార్యతో, "నీకేం లేదు చూశావా? నీరసమంతా నీ ఊహే. ఇకనుంచి కాస్త నా సంగతి చూడు," అన్నారు. ఆవిడ చూడటం మొదలుపెట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ యోసేపు గారు మాస్టారి భుజం మీద చెయ్యివేసి పక్కకు తీసుకెళ్ళారు.

"దాచుకోవడం ఎందుకండీ మాస్టారూ? బలహీనత ఎవరికైనా ఉంటుంది."

"నాకు లేదండీ."

"మొదట అందరూ అలాగే అంటారండీ," అని పాస్టరుగారు ఎంతో దయగా అన్నారు. ఆ నెల ప్రభు సంస్కారంలో ద్రాక్షారసం గిన్నె అందించే పని మాస్టారి నుంచి తప్పించి ఇంకొకరికి ఇచ్చారు.

మర్నాడు రత్నకుమారి తమ్ముడు సుకుమార్ కలిదిండి నుంచి దిగాడు. ఆ ఏడాది కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టేశాక అతనికి పనిలేదు. ఖాళీగా ఉన్న మనిషికి బావగారి లివరు దొరికింది.

"నేల ఉసిరి ఆకండీ బావగారూ. మా ఊళ్ళో పచ్చకామెర్లకు ఇదే. పరగడుపున మేకపాలతో తాగాలి. ఉప్పు, నూనె, కారం ముట్టకూడదు. నలభై రోజులు."

ఆకు తెచ్చేది అతను. నూరేది అక్క. తెల్లవారకుండానే లేచి మేకపాలకు రెండు వీధులు నడిచి వెళ్ళి, వచ్చి, ఆకు నూరి, ఉప్పులేని జావ కాచి ఇచ్చేది. మాస్టారు అది తాగి మొహం చిట్లించుకుంటే, ఆయన ఎదురుగా పులుసు కూర తినడానికి మనసొప్పక తనూ జావే తాగేది. ఆ జావ కూడా ఒక్కోసారి కడుపులో నిలిచేది కాదు. "బెంగ పెట్టుకుని చిక్కిపోతోంది పాపం," అని చుట్టుపక్కల ఆడవాళ్ళు మెచ్చుకున్నారు.

బుధవారం స్కూల్లో డ్రాయింగు మాస్టారు వెంకట్రాజు సంగతి విని, గూడెంలో తనకు తెలిసిన లాబ్‌కు తీసుకెళ్ళి పరీక్ష చేయించాడు. ముప్పై ఒకటి వచ్చింది. మాస్టారు సంతోషంగా బండెక్కి ఇంటికొచ్చి రెండు కాగితాలూ మంచం మీద పక్కపక్కన పెట్టారు.

"నాలుగు రోజుల్లో ఇంత తేడా ఏంటి? ఏదో ఒకటి తప్పయి ఉండాలి."

"గూడెం వాళ్ళ మిషను పాతదై ఉంటుందండీ," అన్నాడు సుకుమార్. "ఉన్న జబ్బు కనిపెట్టలేకపోయింది."

"నీ ఆకు వల్ల తగ్గిందేమో?"

ఆ ఆలోచన అప్పటిదాకా సుకుమార్‌కు రాలేదు. వచ్చాక వదల్లేదు.

"అదే మరి. ఆకు మహిమండీ."

"తాగింది రెండు రోజులే కదరా. రెండు రోజుల్లో మూడొందల యాభై ఐదు దిగిందా?"

"లెక్కలకు అందదండీ అది."

ఇంకెవరి విషయంలోనైనా ఆ మాటంటే మాస్టారు ఒప్పుకునేవారు కాదు. కానీ లివరు ఆయనది. డాక్టరు దగ్గరికి వెళ్దామండీ అని రత్నకుమారి రెండుసార్లు అంది. వెళ్తే ఆయన కూడా మందు అలవాటుందా అనే అడుగుతాడని మాస్టారికి భయం. నలభై రోజులూ ఆకు తాగి, భీమవరంలో మూడో లాబ్‌కు వెళ్ళారు. ఇరవై తొమ్మిది వచ్చింది.

సుకుమార్ ఆకు నయం చేసిందన్నాడు. పాస్టరుగారు ప్రార్థన నయం చేసిందన్నారు. చర్చిలో మిగతావాళ్ళు, మాస్టారు ఎట్టకేలకు తాగుడు మానేశారన్నారు. మొదటి కాగితం తప్పేమోనని ఒక్కరూ అనలేదు. అది తప్పయితే వీళ్ళెవరికీ ఏ ఘనతా మిగలదు.

తర్వాతి శనివారం ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టారు. నలభై మందికి వంట. మాస్టారు లేచి నిలబడి దేవుడు నయం చేశాడని సాక్ష్యం చెబుతుంటే, పెరట్లో రత్నకుమారి సాంబారు గిన్నె దించబోయి పొయ్యి పక్కనే కూలబడిపోయింది. అందరూ విసనకర్రలతో విసిరారు, నీళ్ళు చల్లారు. ఇన్నాళ్ళ అలసట ఒక్కసారిగా మీద పడిందన్నారు. మాస్టారు ఆటో పిలిచి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టర్ సిల్వియా రత్నకుమారి కనురెప్ప కిందికి లాగి చూసింది. కంటి తెల్లగుడ్డు పసుపు రంగులో ఉంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?"

"ఈయన జబ్బుకు ముందు నుంచేనండీ."

"ఈయనకేం జబ్బు?"

మాస్టారు ఫైలు తీశారు. కాగితాలన్నీ తేదీల వారీగా ట్యాగు కట్టి ఉన్నాయి. అడుగున రత్నకుమారిది కూడా ఉంది. డాక్టరు చాలాసేపు ముందుకూ వెనక్కూ తిప్పింది.

"మీ మొదటి రిపోర్టులో హిమోగ్లోబిన్ చూశారాండీ? ఎనిమిది పాయింట్ తొమ్మిది. గూడెంలో పద్నాలుగున్నర. భీమవరంలో పద్నాలుగున్నర. అదే మొదటిరోజు ఈవిడ కాగితంలో కూడా పద్నాలుగున్నర."

మాస్టారు నాలుగు కాగితాలూ వరసగా చూశారు.

"మీరేం పాఠం చెబుతారు?"

"లెక్కలండీ."

ఆవిడ ఆ సంగతి అంతటితో వదిలేసింది. "ఇద్దరి రక్తం తారుమారైందని నా అనుమానం. అనుమానంతో మందులు రాయకూడదు. ఇద్దరికీ ఇప్పుడే ఇక్కడే మళ్ళీ చేద్దాం. రెండు రిపోర్టులు రెండు రకాలుగా ఉంటే నచ్చిన కారణం వెతుక్కోకూడదండీ. మళ్ళీ పరీక్ష చేయించాలి. మనిషిని డాక్టరుకు చూపించాలి."

మాస్టారికి ముప్పై వచ్చింది. రత్నకుమారికి ఆరొందల నలభై.

వరండాలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. మాస్టారు అడిగారు.

"నీరసంగా ఉందని నువ్వు చెప్పావు కదూ?"

"చెప్పానండీ."

"మరి గట్టిగా చెప్పొద్దా?"

"మీ రిపోర్టు వచ్చింది కదండీ."

ఆయన ఆ మాట విని తలవంచుకున్నారు. ఆవిడే ఆయన చెయ్యి తట్టి, షామియానా వాడికి గిన్నెలు లెక్కచూసి అప్పజెప్పమని గుర్తుచేసింది.

మర్నాడు మాస్టారు లాబ్‌కు వెళ్ళి రెండు కాగితాలూ బల్ల మీద పరిచారు. లాబ్ అతను రిజిస్టరు చూశాడు. ఇద్దరి వరస నంబర్లూ నలభై ఒకటి, నలభై రెండు. చీటీలు అంటించేటప్పుడు అటుది ఇటు అయినట్టుందని ఒప్పుకున్నాడు. నొచ్చుకున్నాడు కూడా.

"మీది సరిగ్గానే చేసిచ్చేవాళ్ళమండీ మాస్టారూ. ఆవిడది ఫ్రీ టెస్టు కదండీ, రెండూ కలిపి పెట్టడంలో..."

మాస్టారు అతన్ని తిట్టాలనే వెళ్ళారు. ముందు తిట్లు తినాల్సింది తనేననిపించి తిరిగి వచ్చేశారు.

రత్నకుమారి విజయవాడ ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉండాల్సి వచ్చింది. ఒంట్లో రోగాలతో పోరాడవలసిన శక్తే పొరబడి లివరు మీద పడిందని అక్కడి డాక్టర్లు చెప్పారు. కొంత భాగం పాడైందని, అది ఇక తిరిగి రాదని, మిగిలినదాన్ని మాత్రలతో కాపాడవచ్చని, ఆ మాత్రలు ఏళ్ళ తరబడి ఆపకుండా వేసుకోవాలని అన్నారు. రెండు నెలల ముందు వచ్చి ఉంటే అని ఒకాయన మొదలుపెట్టి, మాస్టారి మొహం చూసి ఊరుకున్నాడు.

ఏలూరు తిరిగొచ్చాక చూడటానికి చాలామంది వచ్చారు. రత్నకుమారి గోడకు ఆనుకుని కూర్చుంది. మాస్టారు టీ కాచారు. అందులో పంచదార వెయ్యడం మరిచిపోయారు. వచ్చినవాళ్ళు ఆ టీ తాగి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఎలా ఉందమ్మా?" అని పాస్టరుగారు అడిగి, జవాబు పూర్తికాకుండానే మాస్టారి వైపు తిరిగారు. "ఇన్నాళ్ళూ మీకు భోజనానికి ఎంత ఇబ్బందైందో కదండీ."

ఆ ఆదివారం చర్చిలో అందరూ మోకరించి, నెహెమ్యా మాస్టారికి వేళకు అన్నం అమరాలని ప్రార్థన చేశారు.