స్టార్ట్ కాని కారే కొనండి!

మొట్టమొదటిసారి నైట్రో కారు కొనబోతున్నారా? అయితే నా మాట వినండి. స్టార్ట్ కాని కారే కొనండి!

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను. నైట్రో కారంటే పిల్లలాడుకునే బ్యాటరీ బొమ్మ కాదు. చేతిలో రిమోట్, కారు కడుపులో బొటనవేలంత నిజం ఇంజను, ట్యాంకులో ఘాటైన ఇంధనం, వెనక పొగ, చుట్టుపక్కల నాలుగు వీధులకు చెవిపోటు! బ్యాటరీ కారుదేముంది? బటన్ నొక్కగానే బుద్ధిమంతుడిలా బయలుదేరుతుంది. దానివల్ల మీకు ఒక్క మనిషైనా పరిచయమవుతాడా? ఒక్క చొక్కా అయినా పాడవుతుందా?

నమ్మకం కుదరకపోతే మన లైబ్రేరియన్ గారి కథ వినండి.

ఆయన్ని అందరూ నిశ్శబ్దంగారు అంటారు. ఇరవై రెండేళ్ళుగా రోజుకి వందసార్లు 'ష్' అనడమే ఉద్యోగం. ఇంట్లో కూడా కుక్కర్ కూత పెడితే నోటిమీదికి వేలు వెళ్ళిపోతుంది. అలాంటి మనిషి ఒకరోజు పాఠకుడు వదిలేసి వెళ్ళిన పత్రికలో, మట్టి చిమ్ముకుంటూ గాల్లోకి లేచిన చిన్న కారు బొమ్మ చూశారు. కింద 'చెవులు చిల్లులు పడే వేగం' అని రాసి ఉంది. అంతే! జన్మలో మొదటిసారి ఆయనకి చప్పుడు చెయ్యాలనిపించింది.

చదువుకున్నవాడు కదా, ఊరికే కొంటాడా? మూడు నెలలు చదివారు. పదకొండు వీడియోలు చూశారు. నోట్సు రాసుకున్నారు. ఇంటర్నెట్‌లో నైట్రో వీరుల గ్రూపులో చేరి, "మొదటి కారు ఏది కొంటే మంచిది?" అని వినయంగా అడిగారు. అరవై మూడు జవాబులు వచ్చాయి! ఒకాయన చిన్నదన్నాడు. ఒకాయన పెద్దదన్నాడు. ఇంకొకాయన అసలు నైట్రో జోలికే పోవద్దన్నాడు. సాయంత్రానికి ముగ్గురూ ఒకరి వంశాన్ని ఒకరు తిట్టుకుంటున్నారు. నిశ్శబ్దంగారు అలవాటుకొద్దీ "ష్" అని టైప్ చేశారు. ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు.

షాపాయనేమో ఆయన్ని ఎగాదిగా చూసి, "మీ పర్సనాలిటీకి అన్నిటికన్నా పెద్దదే సూటవుతుంది సార్!" అన్నాడు. మనవాడు లొంగలేదు. విరిగితే పార్టులు ఊళ్ళోనే దొరికే మధ్యరకం కారు, అట్టపెట్టెమీద 'రెడీ టు రన్' అని ఉన్నది తెచ్చుకున్నారు. ఆ మాటకి అర్థం ఇంటికొచ్చాక తెలిసింది. ఇంధనం పెట్టెలో లేదు, షాపుకి పరుగు. రిమోట్‌కి బ్యాటరీలు లేవు, మళ్ళీ పరుగు. ఇంజనులో ఇంధనాన్ని అంటించే ప్లగ్గుని వేడిచేసే సాధనం లేదు, ఇంకో పరుగు. పరుగుకి రెడీగా ఉండాల్సింది కొన్నవాడన్నమాట!

ఇక అసలు సంగతి. నిశ్శబ్దంగారి ఇంట్లో ముగ్గురు. ఆయన, ఆస్పత్రిలో నర్సుగా చేసే భార్య, అప్పటికి ఏడు నెలల క్రితం వచ్చి చేరిన అత్తగారు. అత్తగారు సామాన్యురాలు కాదు. భర్త పోయాక ముప్పై ఏళ్ళు జనరేటర్లు, నీళ్ళ పంపులు బాగుచేసే షెడ్డు ఒంటిచేత్తో నడిపిన మనిషి. మోకాళ్ళు మొరాయిస్తే షెడ్డు అమ్మేసి, పాత పనిముట్ల సంచి ఒక్కటి చంకలో పెట్టుకుని కూతురి దగ్గరికొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ కిటికీ పక్కన కుర్చీ, ఒళ్ళో రెండు ఖాళీ చేతులు. తిండి కూడా సగానికి సగం తగ్గిపోయింది.

అల్లుడు మాట్లాడడు కాబట్టి గర్విష్ఠి అని ఆవిడ నిర్ణయం. అత్తగారు మాట్లాడరు కాబట్టి తనంటే లెక్కలేదని ఈయన నిర్ణయం. మధ్యలో భార్య టెలిఫోన్ ఎక్స్ఛేంజి!

"ఇంకాస్త కూర వేసుకోమనవే మీ ఆయన్ని."

"చాలని చెప్పు."

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, మూరెడు దూరంలో కూర్చునే ఉంటారు. భార్య డ్యూటీకి వెళ్ళిందంటే ఇల్లు లైబ్రరీ కన్నా నిశ్శబ్దం.

మొదటి ఆదివారం పెరట్లో సిమెంటు గచ్చుమీద ప్రారంభోత్సవం జరిగింది. నిశ్శబ్దంగారు మాన్యువల్ తెరిచి, ఇంజనుకున్న తాడు లాగారు. పది, ఇరవై, నలభైసార్లు లాగారు. కారు దగ్గలేదు, తుమ్మలేదు. మెట్లమీద బట్టలు మడతపెడుతున్న అత్తగారు ఒక దుప్పటిని నాలుగుసార్లు విప్పి మళ్ళీ మడతపెట్టారు. చివరికి ఆగలేక, వంటింట్లో ఉన్న కూతుర్ని కేకేశారు.

"అలా లాగొద్దని చెప్పవే. దాని గొంతుదాకా ఆయిల్ నిండిపోయింది. ముద్ద అడ్డంపడ్డవాణ్ణి పరిగెత్తమన్నట్టుంది!"

"మాన్యువల్లో అలా లేదని చెప్పు," అన్నారు నిశ్శబ్దంగారు, ఇంకోసారి బలంగా లాగుతూ.

తాడు తెగి చేతికొచ్చింది.

చూశారా, స్టార్ట్ కాకపోవడంలోని మహిమ! ఏడు నెలల్లో అత్తగారు కూర గురించి కాకుండా మాట్లాడింది అదే మొదటిసారి.

మరుసటి ఆదివారానికి కొత్త తాడు బిగించారు. ఆరోజు భార్యకి పగలు డ్యూటీ. నిశ్శబ్దంగారు కారు ముందు గొంతుక్కూర్చుని నిట్టూర్చారు. వెనక మెట్లమీద పనిముట్ల సంచి గలగలలాడింది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగివచ్చారు. మాట చేరవేసే మనిషి ఇంట్లో లేదు. ఆవిడ కారుతో మాట్లాడారు.

"ముందు నీ ప్లగ్గు ఊడదీస్తాను, ఉండు."

ప్లగ్గు తీసి తాడు లాగారు. లోపలున్న ఆయిలంతా చిమ్మి నిశ్శబ్దంగారి తెల్లచొక్కా మీద పడింది. ఆవిడ ప్లగ్గుని వేడిచేసి చూశారు. ఎర్రగా వెలగాల్సిన తీగ నల్లగా చచ్చిపడి ఉంది.

"ఇంకోటి ఉందా అని..." అని, ఎవరితో చెప్పించాలో తెలియక ఆగిపోయారు.

నిశ్శబ్దంగారు జేబులోంచి కొత్త ప్లగ్గు తీసి ఆవిడ అరచేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని బిగించారు.

మాన్యువల్లో మూడో బొమ్మ ప్రకారం, ఇంధనం పైకెక్కడానికి పొగగొట్టానికి వేలు అడ్డంపెట్టి తాడు లాగాలి. నిశ్శబ్దంగారు శ్రద్ధగా వేలు పెట్టారు. ఆవిడ రెండుసార్లు లాగారు. గొట్టంలో ఇంధనం పాకింది. ఆయన వేలు మాత్రం కదల్లేదు.

"వేలు తియ్యి నాయనా! మళ్ళీ నింపేస్తావా దాన్ని!"

గారూ లేదు, మర్యాదా లేదు, మధ్యలో కూతురూ లేదు! నిశ్శబ్దంగారు ఉలిక్కిపడి వేలు తీశారు. ఆవిడ ప్లగ్గుని వేడిచేసి ఇంకోసారి లాగారు.

బర్ర్ర్ర్‌మంది! పావురాలు లేచిపోయాయి, కిటికీలు తెరుచుకున్నాయి. "అంటుకుంది! అత్తయ్యా, అంటుకుంది!" అని నిశ్శబ్దంగారు పెట్టిన కేక ఇంజనుకన్నా గట్టిగా వినిపించిందని పక్కింటివాళ్ళ సాక్ష్యం.

కొత్త ఇంజనుని ఒక్కసారిగా ఉరికించకూడదు. మొదటి నాలుగైదు ట్యాంకులు నెమ్మదిగా, మధ్యమధ్య చల్లారనిస్తూ మచ్చిక చేసుకోవాలి. అలా చల్లారే వేళల్లో ఇద్దరూ మెట్లమీద కూర్చున్నారు.

"షెడ్డు అమ్మాక ఈ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదయ్యా," అన్నారావిడ, నూనె వేళ్ళు చూసుకుంటూ. "నువ్వేమో పుస్తకాలవాడివి. నాతో ఏం మాట్లాడతావులే అనుకున్నా."

"నాకు అడగడం చేతకాదత్తయ్యా," అన్నారాయన. "ఇరవై రెండేళ్ళుగా జనం నోరు మూయించడమే నేర్చుకున్నా."

పదకొండు వీడియోలు వెతుక్కున్న మనిషికి పక్కగది కనిపించలేదు. మీకు కనిపిస్తోందా?

సాయంత్రం భార్య వచ్చేసరికి పెరట్లోంచి అరుపులు! హ్యాండ్‌బ్యాగ్ పడేసి పరిగెత్తింది. "ఏమైంది? ఎందుకు పోట్లాడుకుంటున్నారు?"

"పోట్లాటేంటే! మాట్లాడుకుంటున్నాం!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. ఇంజను మోతకి ఇద్దరి చెవులూ హోరుమంటున్నాయి మరి. ఆ రాత్రి అత్తగారు రెండోసారి కూర అడిగి వేయించుకున్నారు.

అందుకే చెబుతున్నాను, స్టార్ట్ కాని కారు ఒక వరం! స్టార్టయిన కారుతోనే చిక్కంతా.

మొన్న లైబ్రరీకి ఒకాయన వచ్చి, "మొదటి నైట్రో కారు కొందామనుకుంటున్నా సార్. ఏది మంచిదంటారు?" అని గుసగుసగా అడిగాడు. నిశ్శబ్దంగారు అటూ ఇటూ చూసి, ఆయన్ని అలమరా వెనక్కి తీసుకెళ్ళారు.

"ఏదైనా పర్లేదండీ, పార్టులు ఊళ్ళో దొరికితే చాలు. ఒకటి మాత్రం కొనకండి. రెండు కొనండి! నేను కొని ఐదు నెలలైంది. బోల్తాపడ్డప్పుడల్లా పరిగెత్తి నిలబెట్టేది నేనే. మా అత్తయ్య రిమోట్ ఇంకా నా చేతికివ్వలేదు!"