బావగారిని గ్రీట్ చేసిన వైనం

సత్తెనపల్లి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే జయరావు మాస్టారిని ఊళ్ళో అందరూ డిక్షనరీ జయరావు అంటారు. కూరలో ఉప్పు తక్కువైతే, ముందు ఆ మాట ఏ దేశంలో పుట్టిందో చెప్పి, తర్వాతే ఉప్పు అడుగుతాడు. ఈలోగా భార్య ఎలీసమ్మ తినేసి చెయ్యి కడుక్కుంటుంది.

వేసవి సెలవులిచ్చాక వచ్చిన మొదటి శనివారం పొద్దున ఎలీసమ్మ ఫోను పెట్టేసి, "వదిన చేసింది. సింగరాయకొండ నుంచి మా అన్నయ్య బయల్దేరాడండి. మధ్యాహ్నానికి దిగుతాడు" అంది.

జయరావు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆమె అన్న సాల్మన్‌ను అక్కడి చర్చిలో మైకు సాల్మన్ అంటారు, ఆయనకు మైకు అక్కర్లేదని. తెల్లవారకముందే లేచి ఆయన కీర్తన ఎత్తుకున్నాడంటే వీధిలో కోళ్ళు తమ డ్యూటీ ఎవరో చేసేశారనుకుని మళ్ళీ పడుకుంటాయి.

పోయినసారి ఆయన గుమ్మంలోకి వస్తే జయరావు పేపర్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నాడు. సాల్మన్ చెప్పులు కూడా విప్పకుండా వెనుదిరిగాడు. అప్పట్నుంచి అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. క్రిస్మస్‌కు కేకూ రాలేదు.

"ఈసారి మీరు ఎదురెళ్ళి, నోరారా 'వందనాలు బావగారూ, రండి' అంటేనే లోపలికొస్తాడంట. లేకపోతే అదే ఆటోలో వెనక్కి పోతాడంట."

"అదే ఆటోలోనా?" అన్నాడు జయరావు ఆశగా.

"మొహం అట్టా వెలిగిపోతందేంటండీ?"

"కిటికీలోంచి ఎండ పడుతోంది."

"ఇంటికొచ్చిన మనిషిని గ్రీట్ చెయ్యమని బళ్ళో పిల్లలకు చెబుతారుగా. మీకు మాత్రం రాదా?"

జయరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆ మాటకు అర్థం తెలుసా నీకు? పాత ఇంగ్లీషులో గ్రీట్ అంటే ఎదురుపడటం, మీద పడటం కూడా. స్కాట్లాండులో ఇప్పటికీ గ్రీట్ అంటే ఏడవడం. ఏం, మీ అన్నయ్య మీద పడి ఏడవమంటావా?"

"ఏదో ఒకటి ఏడవండి. మనిషి మాత్రం వెనక్కి పోకూడదు." ఎలీసమ్మ గొంతు తగ్గింది. "అమ్మ పోయాక నాకు పుట్టిల్లంటే అన్నయ్యేనండి."

జయరావుకు జాలేసింది. కానీ తెల్లవారుజామున కీర్తన గుర్తొచ్చి ఆ జాలి కాస్తా ఆవిరైపోయింది.

వరండాలో ఏడాది కారానికని తెచ్చిన ఎండుమిరపకాయలు గోతం మీద గుట్టగా పోసున్నాయి. వాటిని చూడగానే ఆయనకో ఉపాయం తట్టింది.

"ఆ తొడిమలు నేను తీసిపెడతాలే."

"ఒంట్లో బానే ఉందా?" అని ఎలీసమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

జయరావు ముక్కూ నోరూ కలిపి తువ్వాలు బిగించి గుట్ట ముందు కూర్చున్నాడు. ఇప్పుడు చేతులు ఖాళీ లేవు, నోరూ ఖాళీ లేదు. పలకరించలేదని ఏ కోర్టులోనూ కేసు నిలవదు.

మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. సాల్మన్ దిగి, సంచి చంకలోనే పెట్టుకుని, "ఉండవయ్యా, నేను ఉండేదీ పోయేదీ ఇప్పుడే తేలుద్ది" అని ఆటోవాడితో అన్నాడు. అది వీధి చివరిదాకా వినబడింది.

జయరావు తలొంచుకుని తొడిమలు తీస్తున్నాడు. నుదుటి చెమట కంట్లోకి కారింది. ఎప్పటి అలవాటే, కళ్ళజోడు పైకి నెట్టి రెండు చేతులతో రెండు కళ్ళూ కసిగా నలిపాడు.

మరుక్షణం ఆయనకు లోకం కనిపించలేదు. పంపు గేటు పక్కనే ఉంది. లేచి అటు పరుగెత్తాడు. గోతం అంచు కాలికి చుట్టుకుంది. విసురుగా వెళ్ళి, గేటులో నిలబడ్డ సాల్మన్ గుండెల మీద పడ్డాడు. తువ్వాలు జారిపోయింది. "బావగారూ" అంటూ బావురుమన్నాడు.

సాల్మన్ చంకలోని సంచి కింద పడింది. చెల్లెలి మొగుణ్ణి గట్టిగా కావలించుకున్నాడు.

"ఊరుకోండి బావగారూ. ఇంత ప్రేమ లోపల పెట్టుకుని ఆ రోజు ఊఁ అన్నారా? నేనే మూర్ఖుణ్ణి."

"అది కాదు... మిర... మిర..."

"మనలో మనకు ఇంకా మీరు మీరు ఏంటండీ. నువ్వు అనండి."

ఎలీసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి మొగుడి కళ్ళు కడుగుతూ చెవిలో చెప్పింది. "ఎదురుపడ్డారు, మీద పడ్డారు, ఏడ్చారు. పాత అర్థాలన్నీ అయిపోయినయ్. కొత్తది ఒక్కటే మిగిలింది. అదీ కానివ్వండి."

జయరావు ఎర్రబడ్డ కళ్ళు కాస్త తెరిచాడు. సాల్మన్ తన చొక్కా కొసతో కళ్ళొత్తుకుంటున్నాడు. ఆయన మిరపకాయ ముట్టుకోలేదు. అది చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"వందనాలు బావగారూ. లోపలికి రండి."

సాల్మన్ ఆటో పంపించేశాడు. "రెండ్రోజులని వచ్చా. ఈ ప్రేమ చూశాక పోబుద్ధి కావట్లేదు. మీ బడి సెలవులయ్యేదాకా ఇక్కడే ఉంటా. పొద్దున్నే ఇద్దరం కలిసి పాడుకుందాం."

ఈ గోలంతా విని ఎదురింటి పిచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగున వచ్చింది. ఎర్రటి కళ్ళతో ఉన్న జయరావునూ, ముక్కు చీదుతున్న సాల్మన్‌నూ చూసి మెల్లగా అడిగింది.

"ఎవరు పోయారే ఎలీసమ్మా?"

"ఎవరూ పోలేదు పిచ్చమ్మక్కా" అంది ఎలీసమ్మ, అన్న సంచి లోపలికి తీసుకెళ్తూ. "బళ్ళు తెరిచేదాకా ఎవరూ పోరు."