ఇంటికో కొన్న పిల్లి

కరెంటు బారి నుంచి మనిషి ప్రాణాన్ని కాపాడేది ఏది? ఫ్యూజు అంటారు కొందరు. ఎర్తింగు అంటారు చదువుకున్నవారు. ఇద్దరూ పొరబడ్డారు. పిల్లి!

అదీ గోడ దూకి వచ్చి చేపతల ఎత్తుకుపోయే పిల్లి కాదు. దానికి షాక్ కొడితే మర్నాడు చెత్తబండి వస్తుంది, అంతే. కొన్న పిల్లి కావాలి. దానికి ఒత్తుగా బొచ్చు ఉండాలి, ముద్దుపేరు ఉండాలి, టీకాలు వేయించిన కార్డు ఉండాలి. అలాంటిది ఒకటి ఇంట్లో తిరుగుతూ ఉంటే ఆ ఇంటి వైర్లన్నీ తమంతట తామే దారికి వస్తాయి. నమ్మకం లేనివారు రాజాం వెళ్ళి నరసింగరావు గారి ఇల్లు చూసి రావచ్చు.

నరసింగరావు గారిది ధాన్యం వ్యాపారం. గోడౌనును ఆనుకునే ఇల్లు. మాటలోనూ తూకంలోనూ జాగ్రత్త గల మనిషి. పిల్లికి బిచ్చం పెట్టడని ఇదివరకు ఊళ్ళో ఆయన గురించి అనేవారు. జున్ను వచ్చాక ఆ మాట ఎవరూ అనలేకపోతున్నారు. జున్ను అంటే ఆ ఇంటి పర్షియన్ పిల్లి. తెల్లగా, మెత్తగా ఉంటుందని ఆ పేరు పెట్టింది కూతురు కుమారి. పెట్టి, దాన్ని తల్లిదండ్రులకు అప్పగించి, కాలేజీ హాస్టలుకు వెళ్ళిపోయింది.

తన ఇంట్లో ఇన్ని తీగలున్నాయని నరసింగరావు గారికి అప్పటిదాకా తెలియదు. జున్ను చూపించింది!

వైఫై డబ్బా వెచ్చగా ఉంటుందని జున్ను దాని మీద పడుకునేది. బొచ్చు పేరుకుని ఏ నిప్పు రవ్వ లేస్తుందోనని డబ్బాను గోడకు, పైకప్పుకు దగ్గరగా బిగించారు. ఇప్పుడు నెట్టు ఆగితే స్టూలెక్కాలి. టీవీ వెనక వైర్లు కొరుకుతుందని వాటన్నిటినీ ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి, పైన వేపనూనె పూశారు. సీరియల్ వేళకు ఆ హాల్లో కూర్చుంటే బాలింత గదిలో కూర్చున్నట్టుంటుంది. చార్జరు తీగలు కిందికి వేలాడితే జున్ను ఆడుకుంటుందని ఎలక్ట్రీషియన్ ఎల్లాజీని పిలిపించి ప్లగ్గులన్నీ నెత్తి ఎత్తుకు మార్పించారు. చార్జింగులో ఉండగా ఫోనొస్తే నరసింగరావు గారు గోడకు ముఖం పెట్టి, బడిలో శిక్ష పడిన పిల్లవాడిలా నిలబడి ధాన్యం రేటు చెబుతారు. వాషింగ్ మిషను తిప్పే ముందు లోపల చెయ్యిపెట్టి తడిమి, “జున్ను లేదు” అని పైకి చెప్పాకే స్విచ్చి నొక్కాలి.

ఇవన్నీ మంచి జాగ్రత్తలే. పిల్లిని పెంచే ప్రతివారూ పాటించదగినవే. ఇందులో వెక్కిరించడానికి ఏమీ లేదు.

ఇక ఫ్రిజ్ సంగతి.

వంటింట్లో ఫ్రిజ్ ముందు ఒక జత నీలం హవాయి చెప్పులు ఉండేవి. ఆ ఇంటికి వచ్చిన చుట్టానికి మంచినీళ్ళకంటే ముందు ఒక సలహా ఇచ్చేవారు: “చెప్పులేసుకుని తియ్యండి.” చుట్టాలు అలాగే తీసేవారు. ఎదురుగా దేవుడి పటాలున్న వంటింట్లో చెప్పులేమిటని ఒక పెద్దావిడ అడిగింది. ఫ్రిజ్ చెప్పులు చెప్పుల కిందికి రావని నరసింగరావు గారి భార్య దుర్గాభవాని తీర్పు చెప్పారు. శాస్త్రం తెలిసిన ఇల్లు!

అయితే ఆ చెప్పులు బుల్లమ్మకు పనికిరావు. బుల్లమ్మ ఆ ఇంట్లో అంట్లు తోమి, నేల తుడిచి, పిండి రుబ్బే మనిషి. పనిమనిషి వంటింట్లో చెప్పులతో నడిస్తే ఇంటి మర్యాద ఏం కావాలి? పైగా అవి ఇంటివారి చెప్పులు. అందుకని బుల్లమ్మ పమిటచెంగు చేతికి చుట్టుకుని ఫ్రిజ్ తలుపు తీసేది. అంట్లు తోమే మనిషి పమిట ఎప్పుడూ పొడిగా ఉండదు కదా.

“అమ్మా, పిజ్జి ముట్టుకుంతే జిల్లుమంటన్నాది.”

“మాకేటీ అనదే?” అనేవారు దుర్గాభవాని, చెప్పుల మీద నిలబడి.

“మీరు సెప్పులేసుకున్నారు గదమ్మా.”

“అయితే చెంగు ఇంకో మడతేసి పట్టుకో. నీదంతా గాబరాయే.”

నరసింగరావు గారు అలా కొట్టిపారేసే మనిషి కాదు. పరీక్షించాలన్నారు. టెస్టరు తెచ్చి ఫ్రిజ్ తలుపుకు ఆనించారు. టెస్టరులో దీపం ఎర్రగా వెలిగింది.

“సూసావా? టెస్టరు బాగానే పని చేస్తన్నాది,” అని దాన్ని జేబులో పెట్టుకున్నారు.

టెస్టరులో లోపం లేదు. ఫ్రిజ్ చూస్తే మంచి కంపెనీది. ఇక మిగిలింది ఎవరు? ఒంట్లో రక్తం తక్కువైతే చేతులు అలాగే జిల్లుమంటాయని ఆయన తేల్చి, కుమారి తాగగా మిగిలిన టానిక్ సీసా బుల్లమ్మకు ఇప్పించారు. బుల్లమ్మ టానిక్ తాగింది. ఫ్రిజ్ మాత్రం మానలేదు.

ఒక పొద్దున్న బుల్లమ్మ చేతిలో పాలచెంబు ఎగిరి గోడకు తగిలింది. ఆ కుడిచెయ్యి మధ్యాహ్నం దాకా లేవలేదు.

“అయ్యో, సొట్ట పడిపోనాదే,” అన్నారు దుర్గాభవాని, చెంబును తిప్పి చూస్తూ.

ప్లగ్గులు మార్చడానికి ఎల్లాజీ వచ్చిన రోజున కూడా బుల్లమ్మ ఊరుకోలేదు. “బాబూ, ఎలాగా ఒచ్చినాడు గదా, ఆ పిజ్జి కూడా సూపించండి,” అంది. ముందు జున్ను పని కానియ్యమన్నారు నరసింగరావు గారు. జున్ను పని అయ్యేసరికి పొద్దుపోయింది.

ఎన్నాళ్ళు గడిచేవో ఇలా! కానీ ఇంట్లో పిల్లి ఉంది.

ఒక రోజు బుల్లమ్మ నేల తుడిచి అవతలికి వెళ్ళింది. తడి ఆరకముందే జున్ను వంటింట్లోకి వచ్చింది. ఫ్రిజ్‌లో కోనాం చేపముక్కలున్న సంగతి దానికి తెలుసు. వెనక కాళ్ళ మీద లేచి, ఆశగా, తలుపుకు ముక్కు ఆనించింది.

ఆ తరువాతది దుర్గాభవాని ఇప్పటికీ కళ్ళు తుడుచుకోకుండా చెప్పలేరు. జున్ను కెవ్వుమని ఎగిరింది. గట్టు మీదికి, అక్కడి నుంచి అటక మీదికి దూకి, ఇత్తడి గుండిగ వెనక దాక్కుంది. తోక సీసాలు కడిగే బ్రష్షులా లేచి నిలబడింది. కబురు గోడౌనుకు వెళ్ళింది. కాటా మీద బస్తాను అలాగే వదిలేసి నరసింగరావు గారు పరుగెత్తుకొచ్చారు. ఆయన పరుగెత్తగా చూసినవారు అంతకుముందు ఆ ఊళ్ళో లేరు.

“ఏటైంది తల్లీ, ఏటైంది? నాకు సెప్పమ్మా,” అని అటక కేసి చేతులు చాచారు.

అప్పటికప్పుడు కారులో విజయనగరం. పశువుల డాక్టరు జున్నును తిప్పి చూసి, భయపడింది తప్ప ఏమీ కాలేదన్నాడు. ఇంట్లో ఎర్తింగు ఒకసారి చూపించుకోండి అన్నాడు. డాక్టరే చెప్పాక ఇక చేసేదేముంది? వీళ్ళు ఇంటికి చేరేసరికి ఎల్లాజీ గుమ్మంలో ఉన్నాడు.

“బాబూ, ఎర్తు గొట్టం ఏదండి? ఆ ఈశాన్యం మూల ఉండాల గదా?”

ఉండేది. ఈశాన్యంలో ఇనుము గుచ్చితే ఇంటి యజమానికి తలపోటు తప్పదని వాస్తు చూసినాయన చెప్పాడు. గొట్టం పీకించి, పైన నున్నగా టైల్సు పరిపించారు. తలపోటు రాలేదు. ఫ్రిజ్ కొట్టడం మొదలుపెట్టింది. నీలం చెప్పులు కొన్నది ఆ తరువాతే.

“తవ్వేయ్,” అన్నారు నరసింగరావు గారు.

“మరి తలపోటొస్తాదేమో బాబూ?” అన్నాడు ఎల్లాజీ, నవ్వు ఆపుకుంటూ.

“తలపోటుకి బిళ్ళలున్నాయిరా. పిల్లికేటైనా ఐతే కుమారికి ఏటి సెప్పుకోను?”

టైల్సు పగిలాయి. గొయ్యిలో ఉప్పూ బొగ్గూ పోసి గొట్టం దింపారు. సాయంత్రానికల్లా ఫ్రిజ్ మంచిదైపోయింది. మంచిదైనట్టు తెలియాలంటే ఎవరో ఒకరు తడి చేత్తో ముట్టుకోవాలి. జున్నును మళ్ళీ ముట్టుకోమనలేరు కదా. పాపం, అది అప్పటికే భయపడి ఉంది.

“బుల్లమ్మా, ఇలా రా.”

బుల్లమ్మ వట్టికాళ్ళతో వచ్చి ముట్టుకుంది.

“జిల్లుమంటన్నాదా?”

“నేదు బాబూ.”

“మరదే. ఊరికే గాబరా పడతావు.”

ఎల్లాజీ సామాను సర్దుకుంటూ, పెరట్లో రుబ్బే గ్రైండరుకు కూడా ఎర్తు తీగ లాగేస్తానన్నాడు. “వద్దొద్దు. జున్ను పెరట్లోకెల్లదు,” అన్నారు నరసింగరావు గారు.

గిన్నెలు తోముతున్న బుల్లమ్మ ఆ మాట విన్నది. ఇన్నాళ్ళూ తన అర్జీలు తప్పు పేరు మీద పెట్టుకుంటున్నానని ఆమెకు అప్పుడు తెలిసివచ్చింది.

మరుసటి వారం మెల్లగా అంది: “అమ్మా, జున్ను గ్రైండరు కింద తొంగుంటన్నాది.”

“ఒలమ్మో. అక్కడ పడుకుంటన్నాదా? ఎప్పుడే?”

“రోజూను. మీరు టీవీ సూసినప్పుడు.”

ఎల్లాజీ ఆ సాయంత్రమే వచ్చాడు.

తరువాత దండెం. బట్టలారేసే ఆ ఇనుపతీగ మీద కరెంటు తీగ ఒకటి గాలికి వచ్చి రాసుకుంటూ ఉండేది. వానపడ్డాక తడిబట్ట వెయ్యాలంటే బుల్లమ్మ ముందు దేవుణ్ణి తలుచుకునేది. ఇప్పుడు దేవుణ్ణి ఇబ్బంది పెట్టలేదు. “జున్ను సీరంచు పట్టుకుని దండెం మీద ఉయ్యాలూగుతన్నాదమ్మా,” అంది. మర్నాటికి ఇనుపతీగ పోయి నైలాను తాడు వచ్చింది. కరెంటు తీగకు గొట్టం వచ్చింది. ఇదంతా జరుగుతున్నంతసేపూ జున్ను హాల్లో సోఫా మీద నిద్రపోతూనే ఉంది. నిద్రలోనే పెరడంతా బాగుచేసిన అధికారిని మీరు ఇంకెక్కడైనా చూశారా?

పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో పిల్లులు ఉచితంగా దొరికేవి మరి!

కనుక పాఠకులకు మనవి. మీ వీధి స్తంభం వానాకాలంలో ఝుమ్మంటోందా? వంగిన తీగ మీ పిల్లల నెత్తిమీద ఊగుతోందా? ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకోకండి. మనిషి పేరున అర్జీ పెడితే దాని మీద ముద్ర పడుతుంది. పిల్లి పేరున పెడితే నిచ్చెన వేసుకుని మనిషి వస్తాడు.

ఇంత మంచి పద్ధతిలో చిక్కు ఒక్కటే. అది ఈ మధ్యనే బయటపడింది.

ఆ రోజు పని అయిపోయాక కూడా బుల్లమ్మ వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడింది. దుర్గాభవాని ఒళ్ళో జున్ను ఉంది. నరసింగరావు గారు పేపరు చూస్తున్నారు.

“ఏటే, ఇంకా ఉన్నావు?”

“అమ్మా, జున్నుని ఓ పూట బడికి పంపుతారేటి?”

దుర్గాభవాని నవ్వారు. “ఏ, అఆలు నేర్పుతావేటి దానికి?”

“మా మనవరాలు అనిత సదివే బడికమ్మా. అక్కడ మోటారు కాడ సేతులు కడుక్కునే కుళాయున్నాది. వానొస్తే జిల్లుమంటాది. మేస్టార్లు కాయితాలు రాసినారు, ఎల్లి సెప్పినారు. ఎవులూ రానేదు. జున్నొచ్చి అక్కడ ఓపాలి తిరిగితే, ఎవులైనా వొస్తారేమోనని.”

“ఓలి నీ తెలివి,” అని నరసింగరావు గారు కూడా నవ్వారు.

బుల్లమ్మ నవ్వలేదు. “మొన్న వానల్లో మూడో తరగతి గుంటొకర్తి అన్నం తిననానికి సెయ్యి కడుక్కుందామని ఎల్లి, ఆ కుళాయి కాడే పడిపోనాది బాబూ. మరి లేగనేదు. మా అనిత పక్కన కూకునే గుంట.”

నరసింగరావు గారు పేపరు మడిచారు. దుర్గాభవాని మనసు మెత్తనిది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. జున్నును రెండు చేతులతో గుండెకు హత్తుకున్నారు.

“తెలిసి తెలిసి అలాటి సోటికి దీన్నెలాగ పంపుతామే?”

“షాక్ కొడతాదని నువ్వే సెప్తన్నావు కదా,” అన్నారు నరసింగరావు గారు.

న్యాయమైన మాట. ఇందులో తప్పు పట్టడానికి లేదు. అలాంటి చోటికి పిల్లిని పంపకూడదు.

మర్నాడు పొద్దున్నే వాన పట్టుకుంది. బుల్లమ్మ మనవరాలికి జడ వేసి, మధ్యాహ్నం చెయ్యి కడుక్కోకుండానే అన్నం తినమని చెప్పి, బడికి పంపింది.