నూరు గళ్ల పాచి

నగరంలో గాలి పూర్తిగా శుభ్రపడిందని పర్యావరణ మంత్రిగారు సోమవారం పదకొండింటికి ప్రకటించారు. శుక్రవారానికి రుజువు తయారుచేయమని మధ్యాహ్నం రెండింటికి ఆదేశించారు.

ఆ భాగ్యం పాచి మాస్టారికి దక్కింది. ఆఫీసులో ఆయన్ని అలాగే అంటారు. గాలిలో పొగ పెరిగితే అన్నిటికన్నా ముందు చచ్చేది చెట్ల బెరడు మీద పట్టే పాచి, అంటే నాచు, లైకెన్లు. కాండానికి నూరు గళ్ల తీగచట్రం కట్టి, ఎన్ని గళ్లలో పాచి ఉందో లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. పన్నెండేళ్లుగా సున్నా రాస్తున్నారు. సున్నా రాయడానికి కూడా నిజాయితీ కావాలని ఆయన గర్వం.

"చెట్టుకి ఊపిరాడట్లేదని రాస్తారు. పక్కన నేను దగ్గుతుంటే మాత్రం తలెత్తరు," అనేది భార్య. ఆమె పోయి రెండేళ్లు. ఇప్పుడు తలెత్తినా చూడ్డానికేమీ లేదు.

"సున్నా కుదరదండీ మాస్టారూ," అన్నారు ఆఫీసరు.

"ఉన్నదే రాశాను సార్."

"అయితే ఉండేలా చూడండి. రిటైర్మెంటెప్పుడు?"

"వచ్చే నెల."

"పెన్షన్ ఫైలు నా బల్ల మీదే ఉంది లెండి."

పన్నెండేళ్ల నిజాయితీ పన్నెండు నిమిషాలే నిలబడింది. మాస్టారు తన ఇంటి ఎదుటి చెట్టుకు అలవాటు చొప్పున చట్రం కట్టి, పచ్చరంగు డబ్బాతో పెయింటర్ని పిలిచారు.

"ఎంతమేర వెయ్యమంటారు బాబాయ్?"

"చట్రంలో ఉన్నంత."

పెయింటరు పనిమంతుడు. చట్రం తీసేసరికి తీగల చోట గీతలు మిగిలి, బెరడు మీద నూరు పచ్చటి గళ్లు, గళ్ల కాగితంలా.

శుక్రవారం మంత్రిగారు వాటిని తడిమి చూశారు. "మన పాలనలో పాచికి కూడా క్రమశిక్షణ వచ్చింది," అన్నారు. విలేఖరులు రాసుకున్నారు. మాస్టారు నూటికి నూరని రాసి సంతకం పెట్టారు.

మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి. "మా అమ్మకి ఉబ్బసం. మంచి గాలి ఉన్నచోటికి మార్చమన్నారు డాక్టర్లు. ఎదురిల్లు ఎవరిది?"

మాస్టారు నోరు తెరిచారు. ఆఫీసరు ఆయన కాలు తొక్కారు.

"మన మాస్టారిదే సార్. ముందుగది ఖాళీయే."

శనివారం ముందుగదిలో, భార్య మంచం మీద, పెద్దావిడ దగ్గుతోంది. మాస్టారు రిజిస్టరులోంచి తలెత్తారు. లేచి వెళ్లారు.

"అమ్మా, ఆ కిటికీ మూసేయనా?"

"అదేంటి నాయనా, గాలి మంచిదని సంతకం పెట్టింది నువ్వేనటగా?"

"నేనేనమ్మా," అని మాస్టారు కిటికీ మూసి గడియ వేశారు.