హద్దు దాటిన వేడి

ఆ శనివారం పెందలాడే ఆఫీసు నుంచి బయటపడి, భార్యతో కలిసి బడంగ్‌పేటలో ప్లాటు చూసి రావాలని చక్రపాణి ఉదయమే అనుకున్నాడు. అక్కడ కాలనీలు చూస్తుండగానే లేస్తున్నాయి. ఇంకో ఏడాది ఆగితే తనకు గజం నేల కూడా మిగలదని బెంగ. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో, వాటితో ఇచ్చే పుస్తకాల్లో మాటలు సరిచూడడం అతని పని.

బల్లమీద ఒక్క పుట మిగిలింది. కంపెనీ కొత్త కంప్యూటర్ తన ఒంట్లోని వేడిని, ఫ్యాను తిరగడాన్ని తానే కనిపెట్టుకుంటూ, తేడా వస్తే తెరమీద హెచ్చరిక చూపుతుంది. అప్పుడేం చెయ్యాలో, దాన్ని కొన్న ఎల్బీనగర్ డెయిరీవాళ్ల కోసం, కంపెనీ పుస్తకాలు తెలుగులో రాసే కౌసల్య ఇలా రాసింది: ‘కంప్యూటర్ వేడి హద్దు దాటితే కంప్యూటర్‌ను ఆపండి.’ ఒకే వాక్యంలో ఒకే మాట రెండుసార్లు వస్తే చక్రపాణికి పంటికింద రాయి పడ్డట్టుంటుంది. రెండుచోట్లా కొట్టేశాడు.

“సార్, దేని వేడి, ఏం ఆపాలె అని వాళ్లు అడగరా?” అంది కౌసల్య.

“కంప్యూటర్ పుస్తకంల బర్రె గురించి రాస్తమా? అచ్చుకిచ్చెయ్యమ్మా.”

ఆమె పుటను అచ్చుకిచ్చింది. ఆ సాయంత్రం చూసిన ప్లాటు అతనికి నచ్చింది.

పుస్తకం చేరిన కొన్నాళ్లకు డెయిరీలో హెచ్చరిక వెలిగింది. ఆపరేటర్ హనుమాండ్లు పుస్తకం తెరిచి గట్టిగా చదివాడు: ‘వేడి హద్దు దాటితే ఆపండి.’ డెయిరీలో వేడంటే పాలు కాచే బాయిలరే. పరుగెత్తి దాన్ని ఆపించాడు. హెచ్చరిక పోలేదు. పాలు చల్లబరిచే మిషనూ ఆపించాడు. అయినా పోలేదు.

“ఇంకేమున్నయ్‌ర ఆపనీకి?” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

“పాల బండ్లున్నయ్ సార్!” అన్నాడు వాచ్‌మన్.

బండ్లూ ఆగాయి. పాలేవని అడిగినవాళ్లకు వాచ్‌మన్, “లోపట ఏదో హద్దు దాటిందట” అని చెప్పాడు. ఆ మాట కొత్తపేట చేరేసరికి పాలల్లో విషం పడింది. పొద్దున కొన్న ప్యాకెట్లు పట్టుకుని జనం గేటుమీద పడ్డారు.

హనుమాండ్లు కంపెనీకి ఫోన్ చేస్తే కౌసల్య ఎత్తింది. “అన్నా, కంప్యూటర్ మీద ఏమన్న కప్పిన్రా?”

“దుమ్ము పడకుంట దుప్పటి కప్పినం మేడం. మంచి ఉన్నిది.”

దుప్పటి తీయగానే హెచ్చరిక మాయమైంది. ఈలోగా తొట్లలో పాలన్నీ విరిగిపోయాయి.

డెయిరీలో చీవాట్లు తిని వచ్చిన కంపెనీ మేనేజరు రామమోహనరావు చక్రపాణి దగ్గర మండిపడ్డాడు. “తెలుగులో రాస్తే ఇంతేనండీ! ఆ అమ్మాయిని రేపట్నించి రావద్దనండి.”

చక్రపాణి చెప్పేద్దామని లేచి, మళ్లీ కూర్చున్నాడు. కౌసల్య టిఫిన్ డబ్బా సర్దుకుంది. అతని పేరు ఎవరితోనూ అనలేదు. అదే అతన్ని తినేసింది. మర్నాడు అన్నం సయించక, మేనేజరు గదికి వెళ్లి, మాటలు కొట్టేసింది తానేనని చెప్పాడు.

“ఇప్పుడా చెప్పేది? మీరూ పోతే ఇంగ్లీషు పుస్తకాలెవరు చూస్తారండీ? వెళ్లి పని చూసుకోండి.”

తిట్టినా బాగుండేది.

వారం తిరక్కుండా డెయిరీ నుంచి కబురొచ్చింది. ఫోన్లోనే దుప్పటి సంగతి పట్టేసిన కౌసల్యను తామే ఉద్యోగంలో పెట్టుకున్నామనీ, ఇకమీద ఆమె చూసి సరేనంటేనే కంపెనీ పుస్తకాలు తీసుకుంటామనీ.

చక్రపాణి ఆ పుటను మళ్లీ రాసి ఆమెకు పంపాడు. వెంట ఓ కాగితం మీద క్షమాపణ కూడా పెట్టాడు. రెండూ తిరిగొచ్చాయి. పుటలో ఒక్క తప్పూ లేదు. క్షమాపణలో మాత్రం అక్షరదోషాలు దిద్ది ఉన్నాయి.