ముప్ఫై ఏళ్ల కొరత, ఒక్క పూటలో

ఆ రోజు నీళ్ల ఇంజనీరు ఇంట్లో పొద్దున్నే పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏ బకెట్ కారుతుందో, ఏది కారదో చూసుకోవాలి, అంతే. అంతకు మించి ఆ మొగుడూ పెళ్లాలు ఎవరికీ ఏమీ తలపెట్టలేదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగింది విన్నాక ఎవరూ నమ్మరు.

ఇంజనీరంటే కుళాయిలు బాగుచేసే ఇంజనీరు కాదు. జిల్లా నీటి కార్యాలయంలో ఇవాళ్టి కుళాయి సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు. ముప్ఫై ఏళ్ల తర్వాత కుళాయి తిప్పితే ఏం వస్తుందన్నదే ఈయన బెంగ. జిల్లా చూస్తే పొయ్యి మీద పాలలా పొంగుతోంది. నిన్నటి పొలంలో ఇవాళ ఇళ్లు, ఇవాళ్టి ఇళ్ల మీద రేపు మేడలు. నీళ్లు మాత్రం తాతల నాటి ఏటి ఒడ్డు బావుల్లోంచే రావాలి. అందుకని ఊరికి ఉత్తరాన ఉన్న పల్లంలో జలాశయం కట్టాలని ఆయన ఓ లావుపాటి ప్రణాళిక రాశాడు. జిల్లా మండలి దాన్ని రెండుసార్లు పక్కన పెట్టింది. మండలిలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఏ విషయం వచ్చినా "తొందరేముంది, వాయిదా వేద్దాం" అంటాడు గనుక జనం ఆయన్ను వాయిదాల బాబాయి అని పిలుచుకుంటారు. "కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయి కదయ్యా, మరి కొరత ఎక్కడ?" అన్నది ఆ బాబాయిగారి వాదం. దానికి ఇంజనీరు గీతలూ అంకెలూ చూపిస్తే అందరూ ఆవలించారు.

మూడోసారి సమావేశం ఆ మధ్యాహ్నమే. ఈసారీ కాదంటే ఆ పల్లం ఇళ్ల స్థలాలకు పోతుంది. ఒకసారి పునాదులు పడ్డాక అక్కడ ఇక నీళ్లు నిలపడం కుదరదు, జిల్లా అంతా గాలించినా అలాంటి చోటు మరొకటి లేదు. పాపం, ఆ మనిషికి వారం నుంచి అన్నం సయించడం లేదు.

"గీతలు చూసి ఎవరు భయపడతారండీ? నీళ్లు చూపించండి," అంది ఆయన భార్య. ఇవాళ ఒక మనిషి రోజుకు వాడుకునే నీళ్లు ఒక వరుసలో, జలాశయం లేకపోతే ముప్ఫై ఏళ్లకు ఆ మనిషి వాటాకు వచ్చేవి ఇంకో వరుసలో, బకెట్లతో మండలి ముందు పెట్టాలన్నది ఆవిడ ఆలోచన. ఖాళీ బకెట్లు తీసుకెళ్లి అక్కడే నింపుకోవచ్చు. కాకపోతే సమావేశం మధ్యలో బకెట్ కారితే పరువు పోతుంది. అందుకని ఇంట్లో ఉన్న బకెట్లూ డబ్బాలూ అన్నీ వాకిట్లో వరసగా పెట్టి, గొట్టంతో నింపడం మొదలుపెట్టారు.

ఎదురింట్లో ఉండేది టైలరమ్మ. కిటికీ పక్కనే ఆవిడ మిషను. కాళ్లు మిషను తొక్కుతుంటే కళ్లు వీధిని చూస్తుంటాయి, దేని పని దానిదే. నీళ్ల ఆఫీసాయన ఇంట్లోనే నీళ్లు పట్టి దాచుకోవడం చూసేసరికి ఆవిడ కాళ్లు ఆగిపోయాయి.

"ఏం వదినా, పొద్దున్నే ఇన్ని నీళ్లు పడుతున్నారు?" అంది గేటు దగ్గరికి వచ్చి.

సమావేశం అయ్యేదాకా జలాశయం విషయం బయటికి పొక్కకూడదని మండలి అధ్యక్షురాలు గట్టిగా చెప్పి ఉంది. "నన్నేం అడక్కు వదినా. సాయంత్రానికి నీకే తెలుస్తుంది," అంది ఇంజనీరు భార్య, గొంతు తగ్గించి. గొంతు తగ్గించకుండా ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది.

టైలరమ్మ ఇంజనీరు వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. నీళ్లకు ఇబ్బంది వస్తుందా?"

ఆయనకు దేని మీదైనా అబద్ధం చెప్పడం వచ్చేమో గానీ, నీళ్ల మీద రాదు. "వస్తుందమ్మా. రాకుండా ఎలా ఉంటుంది?"

"ఎప్పుడు?"

"మనం ఇప్పట్నుంచే జాగ్రత్త పడకపోతే, అనుకున్నదానికంటే ముందే."

టైలరమ్మకు ఆ మాట చాలు. ఇంట్లోకి వెళ్లి, ఉన్న గిన్నెలన్నీ కుళాయి కింద పెట్టింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కొలతలు ఇవ్వకుండానే వెనక్కి పరిగెత్తారు. క్షౌరశాలలో సగం గడ్డంతో ఉన్నవాడు లేచి ఇంటికి వెళ్లిపోయాడు. లాండ్రీ దుకాణంవాడు తొట్లు నింపి తాళం వేశాడు. వీధి చివర తోటమాలి వేరే పాత్ర దొరక్క తన రబ్బరు బూట్లు నింపి గోడకు ఆనించి పెట్టుకున్నాడు. చేపల తొట్టి ఉన్న ఒక ఇంట్లో, నీళ్లు ఎలాగూ ఉన్నాయి కదా అని చేపల్ని జాడీలోకి మార్చి, తొట్టి నీళ్లు తాగడానికి అట్టే పెట్టారట. చేపల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఇంజనీరు ఆఫీసులో కూర్చుని ఉపన్యాసం చూసుకుంటుండగా పంపుహౌసు ఆపరేటరు ఫోను చేశాడు. "సార్, గుట్ట మీద ట్యాంకు దిగిపోతోంది. నేనెప్పుడూ ఇలా చూళ్లేదు. ఎక్కడో పెద్ద పైపు పగిలుంటుంది."

"ఎక్కడ పగిలింది?"

"అది తెలిస్తే మీకెందుకు చేస్తాను సార్?"

మరమ్మతు బృందాన్ని పంపారు. వాళ్లు నాలుగు రోడ్ల కూడలిలో పెద్ద పైపు ఉన్న చోట గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. పైపు రాయిలా ఉంది. అయితే కూడలిలో గొయ్యి పడ్డాక చుట్టూ జనం చేరకుండా ఉంటారా. "విన్నది నిజమేనన్నమాట, పైపులు మూసేస్తున్నారు," అన్నారొకరు. అప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా ఇళ్లకు బయల్దేరారు. బజారులో బకెట్లు అయిపోయాయి. తర్వాత చెత్తడబ్బాలూ అయిపోయాయి.

కూడలికి వచ్చిన ఇంజనీరుకు సంగతి అక్కడే తెలిసింది. ఎవరింట్లోనో నీళ్లు దాచుకోవడం చూశారట, ఆ ఇంటాయనే స్వయంగా చెప్పాడట, ఆ ఇల్లు ఎవరిదో మాత్రం చెప్పినవాడికి తెలియదు. ఇంజనీరుకు తెలిసింది. ఆ గొయ్యి గట్టు మీదే చతికిలబడ్డాడు.

కాసేపటికి లేచి, తనకు తోచిన ఉపాయం చేశాడు. బండికి మైకు కట్టించి, ఊరంతా తిప్పుతూ తానే చెప్పాడు. "నీటికి ఎలాంటి కొరతా లేదు. ఎవరూ కంగారుపడి నీళ్లు పట్టుకోవద్దు." ఎంత మంచి మాట. కానీ కొరత ఊసే ఎరుగని కాలనీలు ఆ శివార్లలో బోలెడున్నాయి. లేదని మైకు పెట్టి మరీ చెబుతున్నారంటే ఎంత ఉండి ఉండాలి, అని అక్కడి ఇల్లాళ్లు లెక్క వేసుకున్నారు. మైకు బండి ఏ వీధి దాటితే ఆ వీధిలో కుళాయిలన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి.

పది దాటేసరికి ట్యాంకు అడుగు కనిపించింది. ఆసుపత్రికి కాస్తయినా మిగలాలని, ఊరికి వెళ్లే వాల్వు మూసేయమని ఇంజనీరే చెప్పాల్సి వచ్చింది. పొద్దున ఎక్కడా లేని కొరత ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది.

మధ్యాహ్నం సమావేశానికి అధ్యక్షురాలు తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. తల రుద్దుకుంటుండగా కుళాయి ఆగిపోయింది. తువ్వాలు అంచున ఇంకా నురగ కనిపిస్తోంది. ఎవరూ దాని వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నారు. గది మూల ఇంజనీరు భార్య కారని బకెట్లు ముందు పెట్టుకుని నిలబడింది. నింపుదామంటే మండలి కుళాయిలోనూ చుక్క లేదు.

ఇంజనీరు నోరు విప్పకముందే వాయిదాల బాబాయి లేచాడు. ఆయన మొహం కడుక్కోలేదని చూడగానే తెలుస్తోంది. "చదవడాలూ చర్చలూ వద్దు. జలాశయానికి నా ఓటు. ఇప్పుడే వేసేయండి."

గదిలో చేతులు లేవసాగాయి. ఆ లేచే చేతుల కోసం ఇంజనీరు ఎన్నాళ్లుగా కలలు కన్నాడో భార్యకు తెలుసు. మాట్లాడొద్దని కళ్లతోనే బతిమాలింది. ఆయన ఆవిడ వైపు చూశాడు, బకెట్ల వైపు చూశాడు, చివరికి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఓటుకు ముందు ఒక్క మాట. ఇవాళ నీళ్లు నిజంగా తక్కువై ఆగలేదు. మా బకెట్లు చూసి ఊరు భయపడింది. అందరూ ఒకేసారి పట్టుకున్నారు. తప్పు మాది."

 వాయిదాల బాబాయి మొహంలోకి ప్రాణం తిరిగొచ్చింది. "మరింకేం, కొరత లేదని ఆయనే అంటున్నాడు. తొందరేముంది, వాయిదా వేద్దాం."

లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు. పల్లం పోయింది, ఇక అక్కడ పునాదులే అనుకున్నాడు.

అధ్యక్షురాలు మాత్రం ఇంకా ఆలోచిస్తోంది. నురగ చుక్క ఒకటి చెవి పక్కగా జారి భుజం మీద పడింది. "ఇంజనీరుగారూ, ఇవాళ పొద్దుట్నుంచీ ఊరు ఎంత వాడింది?"

"మామూలు రోజుకు రెండింతలు మేడమ్."

"మనం అనుమతులు ఇచ్చిన కాలనీలన్నీ నిండాక రోజుకు ఎంత కావాలి?"

ఇంజనీరు కాగితాల్లో వెతకబోయి ఆగాడు. ఆ అంకె ఆయనకు కంఠతా వచ్చు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని మాత్రం ఇప్పటిదాకా తోచలేదు. "ఇంతే మేడమ్. రెండింతలే."

"అంటే అప్పుడు రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతే."

ఆవిడ తువ్వాలు విప్పింది. తడిసి, నురగ పట్టి, ముళ్లు పడిన జుట్టుతో సభ్యులందరి వైపూ ఒకసారి నిదానంగా చూసింది. "బాబాయిగారూ, రోజూ ఇలా రావడానికి నాకు అభ్యంతరం లేదు. మీరు ఎదురుగా కూర్చోగలరా?"

వాయిదాల బాబాయి చెయ్యి అందరికంటే ముందు లేచింది.

పల్లం నిలిచింది. ఇంజనీరు భార్య ఖాళీ బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ కళ్లు తుడుచుకుంది, ఆయన వచ్చి ఓ చెయ్యి వేశాడు. "నీ ఆలోచన వల్లే అయింది," అన్నాడు. "ఇంకెప్పుడూ చెప్పనులెండి," అంది ఆవిడ.

ఇంటికి వచ్చి, వారం తర్వాత మొదటిసారి ఆకలిగా అన్నం ముందు కూర్చున్నాడో లేదో, పంపుహౌసు ఆపరేటరు మళ్లీ ఫోను చేశాడు. సాయంత్రానికి బావులు ఊరాయి, ట్యాంకు నిండింది, వాల్వు తెరిచారు. కానీ ఊళ్లో చెత్తడబ్బాలతో సహా అన్నీ నిండుగా ఉన్నాయి, ఎవరికీ నీళ్లు అక్కర్లేదు.

"సార్, ఒక్క కుళాయీ తిప్పడం లేదు. ట్యాంకు పొర్లిపోతోంది. ఈ నీళ్లన్నీ ఎక్కడ పెట్టమంటారు?"

రాబోయే ముప్ఫై ఏళ్లకు జవాబు రాసిన మనిషి అన్నం వదిలి లేచి, మండలి నుంచి తెచ్చిన ఖాళీ బకెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.